అమ్మతో పూసల ఊరికి

శుక్రవారం, శ్రీకాళహస్తి

గుడి బయట దుకాణాల వరసలోకి రాగానే అమ్మకి పని దొరికింది. రుద్రాక్షలు, స్ఫటికాలు, ముత్యాలు, పగడాలు, నవరత్నాల పేరుతో రంగురంగుల రాళ్లు. రాహుకేతు పూజ ముగించుకుని వచ్చేవాళ్లని చూసి "రాహువుకి గోమేధికం, కేతువుకి వైడూర్యం, చూడండమ్మా" అని పిలుస్తున్నారు. పెళ్లి కుదరడం లేదనో, ఉద్యోగం రాలేదనో దిగులుతో వచ్చిన మనుషులు కాబట్టి పెద్దగా బేరం కూడా ఆడరు. అమ్మ ఒక పగడాల దండ తీసి, నాలుగు పూసల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి, ఒకదాన్ని పంటికి ఆనించి, "ప్లాస్టిక్" అంది. గట్టిగానే అంది.

కొట్టతను నవ్వాడు. "నూటయాభైకి పగడం యాడొస్తాది పెద్దమ్మా?"

ఆ నిజాయితీ నచ్చి పక్కనే ఉన్న రుద్రాక్ష ఒకటి కొంది, అరవై రూపాయలకి. అది అసలుదో కాదో మాత్రం పంటికి ఆనించలేదు.

తెనాలిలో మా వీధిలో ఎవరి గొలుసు తెగినా మా ఇంటికే వస్తుంది. ముత్యాల దండలు, నల్లపూసలు, పసిపిల్లల దిష్టిపూసలు అన్నీ అమ్మే గుచ్చి ఇస్తుంది. డబ్బు తీసుకోదు, దారం మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి. నాన్న పోయిన పదోరోజు పెద్దవాళ్లు అమ్మ మెడలోవన్నీ తీయించారు. నేను గొడవ చేశాను. "నువ్వూరుకో" అన్నది అమ్మే. సూత్రాల గురించి ఆ తర్వాత ఒక్కమాట అనలేదు. కానీ ఏదైనా ఆలోచనలో ఉంటే కుడిచెయ్యి మెడ దగ్గరికి వెళుతుంది. అక్కడ ఏమీ దొరక్క కాసేపు తచ్చాడి, కిందికి దిగి కొంగు అంచుని నలుపుతుంది. పాలలెక్క చూసినా, సీరియల్‌లో అత్తగారి మీద కోపం వచ్చినా, నలభై ఏళ్ల పాటు ఆ వేళ్ల మధ్య పూసలు దొర్లుతూ ఉండేవి. భర్త ఉన్నాడన్న గుర్తు పోయిందని ఆవిడ బాధపడుతోందో లేదో నాకు తెలియదు. వేళ్లకి పని పోయిందని మాత్రం కనిపిస్తోంది.

ఈ ప్రయాణం అందుకే పెట్టాను. పైకి కాళహస్తి దర్శనం అని చెప్పాను, లేకపోతే ఇల్లు కదలదు.

దర్శనం బాగా జరిగింది. రాజగోపురం దగ్గర కాసేపు నిలబడ్డాం. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గోపురం 2010 మే నెలలో కూలిపోయింది. ఇప్పుడున్నది దాని స్థానంలో కట్టిన కొత్తది. పాతదాన్ని చూసిన అమ్మ దీన్ని ఎగాదిగా చూసి "మరీ శుభ్రంగా ఉంది" అంది.

రాత్రి మా పెద్దమ్మ కూతురింట్లో భోజనం. తలుపు తీస్తూనే అక్క, "నల్లపూసైపోయావు పిన్నీ, ఎన్నాళ్లయింది నిన్ను చూసి" అని, వెంటనే నాలిక్కరుచుకుంది. అమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో అందరం తేలికపడ్డాం. వంకాయ పులుసుకూర, అప్పడాలు, గడ్డపెరుగు.

శనివారం, పాపానాయుడుపేట

ఏర్పేడు దగ్గర హైవే దిగి షేర్ ఆటో ఎక్కాం. ఐఐటీ, ఐసర్ వచ్చాక ఆ చుట్టుపక్కల రోడ్ల తీరే మారిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకున్న కుర్రాడు ఒకవైపు, పాలక్యాను కాళ్ల మధ్య ఇరికించుకున్న ముసలాయన ఇంకోవైపు, మధ్యలో మేము. "పూసలోళ్ల ఇళ్లకా?" అన్నాడు ఆటో అబ్బాయి, మేం నోరు తెరవకముందే.

ఊళ్లో గాజు బట్టీ ఎక్కడని అడిగితే ముగ్గురు మూడు దిక్కులు చూపించారు. మొదటి సందు గడ్డివాము దగ్గర ఆగిపోయింది. రెండో సందు చివర పెళ్లి షామియానా వేస్తున్నారు, మమ్మల్ని ఆడపెళ్లివాళ్లనుకుని లోపలికి రమ్మన్నారు. మూడో సందులో అరుగు మీద నలుగురు ఆడవాళ్లు పూసలు గుచ్చుతూ కనిపించారు. బట్టీ మాత్రం ఆ వారం వెలిగించలేదట.

"ఎలిగిస్తే మధ్యలో ఆపేదానికి లేదు కదక్కా. ఆర్డరు లేకుండా కట్టెలు కాలిస్తే ఏం మిగులుతాది?" అంది ఒకామె.

నేను చూద్దామనుకున్నది బట్టీనే. ఉసూరుమంటూ పక్కకి చూసేసరికి అమ్మ చెప్పులు విడిచి అరుగెక్కేసింది.

చేటలో వేల పూసలున్నాయి, ఆవగింజ కంటే కాస్త పెద్దవి. ఆమె చేతిలో పొడవాటి సన్నటి తీగసూదుల కట్ట విసనకర్రలా విచ్చుకుని ఉంది. దాన్ని పూసల్లోకి దించి, మణికట్టు చిన్నగా కదిపి పైకెత్తుతుంది. ఒక్కో సూదికి పదో పదిహేనో పూసలు ఎక్కి ఉంటాయి. మళ్లీ దించుతుంది. సూదులు నిండగానే అన్నిటినీ ఒక్క తోపుతో దారాల మీదకి పంపేస్తుంది. చేట వైపు చూడనే చూడదు. చూపంతా మా మీదే. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, నెలకి ఎంతొస్తుంది అన్నీ ఆ లోపే అడిగేసింది.

అమ్మ ఇన్నేళ్లూ దారం కొసని నోట్లో తడిపి, మెలిపెట్టి, ఒక్కో పూసా ఎక్కించిన మనిషి. కళ్లప్పగించి చూసింది. "ఏదీ, నన్నూ చెయ్యనీ" అని సూదుల కట్ట తీసుకుంది. మొదటిసారి పైకెత్తితే ఒక్కటీ రాలేదు. రెండోసారి రెండో మూడో వచ్చాయి, వాటిలో ఒకటి జారిపోయింది.

"పొడవకూడదు పెద్దమ్మా. ఊరికే దాంట్లో పెట్టి తోసినట్టు అనాల, అంతే."

అరగంట గడిచాక నలుగురి పక్కన ఐదో మనిషై కూర్చుంది. నన్ను పట్టించుకునేవాళ్లు లేక ఎదురింటి తాత దగ్గరికి వెళ్లాను. ఆయన వయసులో ఉన్నప్పుడు బట్టీలో గొట్టం లాగేవాడు. ఇప్పుడు చూపు మందగించి ఇంటిపట్టునే ఉంటున్నాడు. చేతులతో గాల్లో చూపిస్తూ చెప్పాడు.

లాడా అని ఇనప గొట్టం ఉంటుంది. దాని చివర పదుల కిలోల కరిగిన గాజుముద్దని చుట్టి, మధ్యలోంచి కడ్డీ దూర్చి బోలు చేస్తారు. దాన్ని బట్టీ నోట్లో పెట్టాక ఎదుటివైపు నుంచి ఒకడు కొక్కెంతో గాజు కొసని పట్టుకుని లాగడం మొదలెడతాడు. ఇక గంటల తరబడి లాగడమే. లోపల బోలుగా ఉన్న సన్నటి గాజుతీగ ఆగకుండా వస్తూనే ఉంటుంది. చెయ్యి వేగం మారితే తీగ లావు మారుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టే మీటరు పొడవు పుల్లలుగా విరిచి పక్కన పెడతారు. ఆ పుల్లల్ని ఆడవాళ్లు కత్తి మీద పెట్టి చిన్నచిన్న ముక్కలు చేస్తారు. ముక్కల అంచులు కోసుకుపోయేట్టుంటాయి. అందుకే బూడిదలో కలిపి, కుండలో వేడి చేస్తూ తిప్పుతారు. అంచులు కరిగి గుండ్రమవుతాయి, బూడిద నిండి ఉండటం వల్ల చిల్లు మూసుకుపోదు. తర్వాత జల్లించడం, కడగడం, ఏరడం.

అంటే పూసకి ఎవరూ చిల్లు పొడవరు. పూస కాకముందే అది గాజు లోపల ఉంటుంది. ఈ సంగతి అరుగు మీదకెళ్లి అమ్మకి చెబితే కాసేపు చెయ్యి ఆపింది. "నేను ఒక్కోదానికీ ఎవరో కూర్చుని పొడుస్తారనుకున్నానే" అంది. చిల్లు పక్కకి పోయిన పూస దొరికినప్పుడల్లా ఆ పొడిచిన మనిషిని ఆవిడ తిట్టిన తిట్లు నాకు తెలుసు.

ఈ పద్ధతి గురించి బయటి ప్రపంచానికి వివరంగా చెప్పినవాడు పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్. పూసల మీదే బతుకంతా గడిపిన పరిశోధకుడు. ఆసియా, ఆఫ్రికా తీరాల్లో తవ్వకాల్లో దొరుకుతున్న ఈ చిన్న గాజుపూసలకి ఇండో-పసిఫిక్ పూసలన్న పేరు ఆయన పెట్టిందే. రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ఇలాగే లాగి చేసేవారనీ, ఆ పనితనం ఇంకా చేతుల్లో మిగిలిన చోటు పాపానాయుడుపేట అనీ రాశాడు. థాయ్‌లాండ్‌లో ఖ్లోంగ్ థోమ్, వియత్నాంలో ఒక్ ఎయో లాంటి చోట్ల కూడా వీటిని తయారు చేశారు. దక్షిణాఫ్రికాలోని మాపుంగుబ్వే సమాధుల్లో ఇలాంటి పూసలు దొరికాయి. అంతదూరం వెళ్లిన సరుకు పుట్టిన చోట ఒక బోర్డన్నా ఉంటుందనుకుంటాం. ఊరి మొదట్లో ఉన్నది ఎరువుల కొట్టు బోర్డు.

తాత నల్లగాజు పుల్ల ఒకటి ఇచ్చాడు. ఎండకి ఎదురుగా పెట్టి చూడమన్నాడు. విరిగిన అంచు దగ్గర, పల్చగా ఉన్నచోట, అది నలుపు కాదు. చిక్కటి ఊదా. రంగు మరీ గాఢంగా కలపడం వల్ల నల్లగా కనబడుతుందంతే. ఎరుపు మాత్రం కష్టమన్నాడు. ఎరుపుకీ నీలిపచ్చకీ వేసేది రాగే. బట్టీలో గాలి బాగా ఆడితే నీలిపచ్చ అవుతుంది, గాలి అందకుండా కాపాడుకుంటేనే ఎరుపు నిలుస్తుంది. "మా నాయన పొగని చూసి చెప్పేవోడు, ఎరుపు నిలిచిందా పోయిందా అని" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి అరుగు మీద కబుర్లు వేరే దారిలో ఉన్నాయి. నలుగురిలో పెద్దామె భర్త పోయి చాలా కాలమైందట. ఆమె చేటలో ఉన్నవన్నీ నల్లపూసలు. ఆమె మెడలో ఒంటిపేట ఎర్రపూసల దండ. అమ్మ దాన్నే చూస్తోంది.

"ఎవరూ ఏమీ అనరా?"

"అంటారు. అనేవాళ్లు వచ్చి బువ్వ పెడతారా?"

"నల్లవి గుచ్చుతుంటే ఏమీ అనిపించదా?"

"కూలి పెద్దమ్మా ఇది. పొద్దుగూకులూ కూచున్నా నూటయాభై దాటదు. ఇప్పుడు చైనా పూసలొచ్చినంక అది కూడా రోజూ ఉండదు."

నూటయాభై అనగానే అమ్మ ముక్కున వేలేసుకుంది. తెనాలిలో తను ఊరికే చేసే పనికి ఇంకోచోట ఒక మనిషి ఇల్లు గడవాల్సి ఉందన్న ఆలోచన ఆవిడకి వచ్చిందో లేదో. నాకైతే వచ్చింది, అంత సుఖంగా లేదు.

మధ్యాహ్నం కదలబోతే కదలనివ్వలేదు. "అన్నం యేళకి ఇంటికొచ్చినోళ్లని పంపిస్తే బాగుంటాదా?" అని పెద్దామె లోపలికి తీసుకెళ్లింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, పల్చటి మజ్జిగ. సంగటి నమలకూడదు, మింగాలి. అమ్మ నమిలింది. వాళ్ల చిన్నమనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిన్నాక బేరం. అమ్మ దండలు వద్దంది. గుచ్చనివి, తూకానికి కావాలంది. అరకిలో ఎర్రవి, పావుకిలో నల్లవి. ఆరొందలు చెప్పారు. ఐదొందలంది. ఐదొందల యాభై దగ్గర తెగింది. తీరా డబ్బులిచ్చేటప్పుడు అమ్మ ఆరొందలే ఇచ్చి చిల్లర వద్దంది. అలాంటప్పుడు బేరం దేనికని అడిగితే, "బేరం బేరమే" అంది. కొసరుగా గుప్పెడు పసుప్పచ్చవి పోశారు. పెద్దామె ఫోన్ నంబర్ నా ఫోన్లో ఎక్కించమని మనవరాలికి చెప్పింది.

శనివారం సాయంత్రం, గుడిమల్లం

పాపానాయుడుపేట దాకా వచ్చి గుడిమల్లం చూడకుండా వెళ్లడం తప్పు. స్వర్ణముఖి ఒడ్డు పక్క పల్లె. పురావస్తు శాఖ వాళ్ల అధీనంలో ఉన్న పరశురామేశ్వరాలయం. విమానం వెనకవైపు ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, గజపృష్ఠం అంటారు. గర్భగుడి నేల కిందికి ఉంటుంది, మెట్లు దిగి చూడాలి.

లింగం ఐదడుగుల ఎత్తు. దాని ముందుభాగంలో నిలువెత్తు వేటగాడు, యక్షుడి భుజాల మీద నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తలకిందులుగా వేలాడే పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న కుండ, భుజం మీద గండ్రగొడ్డలి. క్రీస్తు పూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల మాట. మనకి దొరికిన అతి పాత శివలింగాల్లో ఇదొకటి.

హారతి వెలుగులో అమ్మ చూసింది ఇవేవీ కాదు. "చెవులకి చూడు ఎంతెంత కుండలాలో. మెడలో హారం. చేతులకి కడియాలు." నిజమే. పొట్టేలుని మోసుకొచ్చిన వేటగాడికి శిల్పి ఒంటినిండా నగలు పెట్టాడు. జంధ్యం మాత్రం లేదు. ఆ హారాన్ని అంత ఓపిగ్గా చెక్కిన మనిషికి, వేటగాడికి ఇన్ని నగలెందుకన్న సందేహమే వచ్చినట్టు లేదు. అందంగా ఉంటుందని పెట్టుకున్నాడు అనుకుంటే సరిపోతుంది. పూజారి గారు అరవై ఏళ్లకోసారి గర్భగుడిలోకి నీళ్లొస్తాయని చెబుతుంటే అమ్మ వినడం లేదు. కొంగు ముడిలోంచి చిటికెడు ఎర్రపూసలు తీసి అరచేతిలో దొర్లిస్తోంది.

ఆదివారం, పుదుచ్చేరి

చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అరిటాకు భోజనం, మనిషికి నూట ఇరవై. రసం బాగుందని అమ్మ మూడుసార్లు వేయించుకుంది. వడ్డించే అతను నాలుగోసారి అడక్కుండానే వచ్చాడు.

మ్యూజియంలో అరికమేడు పూసలున్నాయి. గాజువి, కార్నీలియన్, అగేట్ అనే రంగురాళ్లవి, స్ఫటికం. అరికమేడుని తవ్విన పురావస్తు పరిశోధకుల పేర్లు తెలుసుకున్నాను. 1945లో తవ్విన మార్టిమర్ వీలర్, ఆయన తర్వాత కజాల్, 1989 నుంచి 92 దాకా విమలా బెగ్లీ. వీలర్‌కి కావాల్సింది ఇటలీ నుంచి వచ్చిన అరెటైన్ కుండపెంకులు. వాటి కాలం తెలుసు కాబట్టి వాటితో పాటు దొరికినవాటి కాలమూ తేలుతుంది. చరిత్ర పాఠంలో మన పిల్లలు కూడా ఆ రోమన్ పెంకుల గురించే చదువుతారు. పెంకులు దిగుమతి అయిన సరుకు. పూసలు ఇక్కడ చేసి పైదేశాలకి పంపినవి. పేరు మాత్రం పెంకులకి వచ్చింది.

ఒక అద్దాల పెట్టె ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. చివరికి, "వరస తప్పు గుచ్చారు. పెద్దవి మధ్యలోకి రావాలి" అంది. గార్డుకి తెలుగు రాకపోవడం మంచిదైంది.

సాయంత్రం బీచ్ రోడ్డు. జనం, ఐస్‌క్రీం, పిల్లల బుడగలు. మాకు పెద్దగా ఎక్కలేదు.

సోమవారం, అరికమేడు

ఆటో అతనికి అరికమేడు అని రెండుసార్లు చెప్పాం. తల ఊపాడు. తీసుకెళ్లి చుణ్ణాంబారు బోట్ హౌస్ దగ్గర దింపాడు. టూరిస్టులు ఇంకెక్కడికి పోతారని అతని నమ్మకం. అరియాంకుప్పంలో టీకొట్టు దగ్గర ఆగి అడిగితే ఒకావిడ తమిళంలో, చేతులతో దారి చెప్పింది. మా మొహాలు చూసి మళ్లీ తెలుగులో చెప్పింది. వాళ్లమ్మది నెల్లూరట.

ఏటి ఒడ్డున చెట్ల మధ్య పాత ఇటుక గోడలు నిలబడి ఉన్నాయి. అవి కూడా రోమన్ కాలానివి కావు, పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి మిషన్ వాళ్లు కట్టుకున్న భవనం తాలూకువి. తవ్విన గోతుల్ని ఎప్పుడో పూడ్చేశారు. పట్నం, రేవు, పూసల కొలిమి అన్నీ కాళ్ల కింద ఉన్నట్టే, చూడటానికి మాత్రం మామిడిచెట్ల తోట. నాకైతే అలా బాగుందనిపించింది. అమ్మకి నచ్చలేదు. "దీనికోసమా ఇంతదూరం" అంది. వానలు పడ్డాక మట్టిలోంచి పూసలు తేలతాయని, ఏవీ తీసుకోకూడదని కాపలా అతను చెప్పాడు. అమ్మ తన కొంగు ముడి విప్పి ఎర్రపూసలు చూపించి, ఇవి మావే, బిల్లు లేదు కానీ మావే అని సైగలతో నమ్మించడానికి తంటాలు పడింది. అతను వాటిని చేతిలోకి తీసుకుని చూసి, తనకి తెలిసిన పూసలతో పోల్చుకుంటున్నట్టు కాసేపు ఉండి, తిరిగిచ్చేశాడు. తేడా చెప్పలేకపోయాడనే నా అనుమానం.

తెనాలి

వచ్చి వారమైంది. అమ్మ సైకిల్ రిపేరు షాపు నుంచి సన్నటి తీగ తెప్పించి, సూదుల కట్ట తయారు చేయడానికి ప్రయత్నిస్తోంది. చివరలు కుదరడం లేదు. ఎర్రపూసలతో ఒంటిపేట దండ గుచ్చి, గుచ్చిన రోజే మెడలో వేసుకుంది. ఎవరినీ అడగలేదు, నాతో కూడా అనలేదు. మా పక్కింటి పిన్ని చూసి, "ఏంటి వదినా ఇది?" అంది.

"పాపానాయుడుపేటవి. నీక్కావాలా?"

పిన్ని ఒక నిమిషం తటపటాయించి, పచ్చవి ఉన్నాయా అని అడిగింది.

అలా వీధిలో ఐదారుగురికి వెళ్లిపోయాయి. ఈసారి ఊరికే ఇవ్వలేదు, దండకి ఎనభై రూపాయలు తీసుకుని వేరే డబ్బాలో వేసింది. నల్లవి పావుకిలో మూట విప్పకుండా అలాగే ఉంది. వాటిని ఏం చేస్తావని నేను అడగలేదు. ఎర్రవి అయిపోయాయని నిన్న పెద్దామెకి ఫోన్ చేయించింది. ఫోన్ ఎత్తింది మనవరాలు. కిలో ఎర్రవి, అరకిలో పచ్చవి శనివారం పంపిస్తారట. కొరియర్ ఖర్చు మాదేనట. అమ్మ ఫోన్ నా చేతిలోంచి లాక్కుని దాని మీద బేరం మొదలుపెట్టింది.